ఉప్పు చూసే చెయ్యి

గోదారి బూర్గంపాడు ఇండ్లలోకి వచ్చి గోడల మీద బురద గీత పెట్టిపోయిన ఏడాది దాటాక, రెండో ఎండాకాలంలో జరిగింది ఇది. తేదీ నాకు గుర్తు లేదు. మా ఊళ్ళో మామిడి పండుగ అయినాక వచ్చిన మొదటి ఆదివారం అని మాత్రం తెలుసు, ఆ ఆదివారం కోసం నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాను కాబట్టి. పొద్దున మణుగూరు రైతుబజారులో మా కొట్టు దగ్గర రామక్క ఎండుచేపల మామిడికాయ పులుసు కలిపి గరిటె పైకెత్తగానే నేను అరచెయ్యి చాపాను. పెళ్ళైన నాటి నుంచి ఏ కూర వండినా మొదటి చుక్క నా అరచేతిలోనే వేస్తుంది. నేను నాకి చూసి ఊరుకుంటే ఉప్పు సరిపోయినట్టు, ఉప్పు డబ్బా వైపు చూస్తే తక్కువైనట్టు, నీళ్ళ బిందె వైపు చూస్తే ఎక్కువైనట్టు. అంతకుమించి మా మధ్య ఆ విషయంలో మాట అక్కర లేదు. ఆ పొద్దున గరిటె నా చెయ్యి దాటి పక్క కొట్టులోకి పోయింది. "ఏవండీ, ఉప్పు చూడండి" అంది రామక్క. పక్క కొట్టులో కూరగాయలమ్మే చెంచురామయ్య ప్లాస్టిక్ కుర్చీలోంచి ముందుకు వంగి, చెయ్యి పట్టి, చప్పరించి, "అమృతం" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాను. తుడుచుకోవడానికి అందులో ఏమీ లేదు.

పండుగకు ముందు అయితే నేనేమీ అనుకోకపోదును. మేం కోయవాళ్ళం, కొత్త మామిడికాయను ఊరి పూజారి వేల్పు ముందర పెట్టి పండుగ చేసేదాకా నోట పెట్టం. కానీ బజారులో కొనేవాళ్ళకు ఆ పట్టింపు లేదు, కాయ పిందె కట్టిన దగ్గర నుంచి మామిడికాయ పులుసు ఉందా అని అడుగుతారు. కోడలు శ్యామల పోయి పూజారిని అడిగి వచ్చింది, వండొచ్చంట, తినకూడదంట అని. వండే ఆమె తినకూడదు, ఉప్పు చూసే నేను తినకూడదు, మరి ఉప్పెవరు చూడాలి? కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ తోటలేసిన చెంచురామయ్యకు ఏ పండుగా అడ్డం లేదు, కాయలు కూడా ఆయన తోటవే. అట్లా మొదలైంది. చైత్రమంతా ఆయన చెయ్యి పట్టాడు, నేను పొయ్యిలో కట్టెలు ఎగదోశాను. పండుగ దాకానే కదా అనుకున్నాను. పండుగ మొన్న అయిపోయింది, నేను కాయ కొరికాను, పళ్ళు పులిశాయి, అయినా ఇంకో ముక్క అడిగి తిన్నాను, ఇక ఆదివారం రానీ అనుకుంటూ. ఆమె మరిచిపోయిందో, అలవాటు పడిందో. ఏది నిజమైతే తక్కువ నొప్పో పొద్దున నుంచి తూకం వేసుకుంటున్నాను, ముల్లు ఒక చోట నిలవడం లేదు.

ఇప్పుడు మధ్యాహ్నం. రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. బజారులో జనం లేరు, ఆకుకూరలవాళ్ళు గోనెసంచులు తడిపి కట్టల మీద కప్పి వాటి పక్కనే పడుకున్నారు. మా వాళ్ళెవరూ లేరు. కొడుకు శివ పొద్దున ట్రాలీలో మమ్మల్ని దించి డ్యూటీకి పోయాడు, గనుల్లో కాంట్రాక్టు టిప్పరు నడుపుతాడు, వాడికి ఆదివారం అని ఏమీ లేదు. శ్యామల ఆశా పని చేస్తుంది, ఎవరికో నొప్పులొస్తున్నాయని ఫోనొస్తే ఇంటి దగ్గర పులుసు సగం చేసి దవాఖానాకు పోయింది. రామక్క వారమంతా హాస్టల్లో వంట మనిషి. నేను నర్సరీలో మొక్కలకు నీళ్ళు పడతాను. ఆదివారం మాత్రం ఈ కొట్టు అందరిదీ అని శ్యామల అంటుంది. కొట్టు మీద బోర్డు చెంచురామయ్యే రాయించాడు. నేను చదివింది మూడు తరగతులు, ఒక్కో అక్షరం పట్టుకుని నడవాలి. రా, మ, క్క, రొ, ట్టె, లు. చివరికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చి చూశాను, వెనక ఇంకేమన్నా ఉందేమోనని. లేదు. పసుపు రంగు మీద ఎర్రక్షరాలు, చుట్టూ పూల తీగ. బాగానే ఉంది.

రామక్క నా ముందు విస్తరాకు వేసి, జొన్న రొట్టె పెట్టి, పులుసు పోసి, "తిను" అని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ పక్క కొట్టుకు పోయింది. అక్కడ ఫ్యాను ఉంది. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, చెంచురామయ్య దాన్ని తన వైపు కాకుండా రామక్క కూర్చునే పీట వైపు తిప్పి పెడతాడు. ఆమె ఊరికే కూర్చోదు, ఆయన అమ్మే మునగాకు దూసిపెడుతూ కూర్చుంటుంది. నేను రొట్టె తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాను. నాలుక ముడుచుకుపోయింది. ఇంకో ముక్క చేప తీసి చూశాను. ఉప్పు. ఎండుచేపలో ఉన్న ఉప్పు పైన శ్యామల ఇంటి దగ్గర ఒకసారి వేసి ఉంటుంది, అది చెప్పకుండా పోయింది, రామక్క ఇక్కడికొచ్చి మళ్ళీ వేసింది. పొద్దున వచ్చేవాళ్ళు జావ తాగి రొట్టె తిని పోతారు, పులుసు మధ్యాహ్నం సరుకు, కాబట్టి మొదటి గరిటె తిన్నది నేనే. కాదు, రెండోది. మొదటిది ఆయన తిన్నాడు. తిని అమృతం అన్నాడు.

మొదట నాకు సంతోషమే కలిగింది, దాచడం ఎందుకు. దప్పికతో ఉన్నవాడి గొంతులో నీళ్ళు దిగినట్టు దిగింది. ఇదా నీ నాలుక అనుకున్నాను. నిజానికి ఆయన ప్రతి ఆదివారం అమృతం అనే అన్నాడు, తినమని రామక్క వంకాయ కూర పెట్టినా అదే, గోంగూర పెట్టినా అదే, ఒకసారి గంజి వార్చడం మరిచిన అన్నం ముద్దైపోతే దానికీ అదే. భార్య సీతారావమ్మ పోయిన దగ్గర నుంచి ఆ ఇంట్లో ఆయన్ని ఏదీ అడిగే మనిషి లేదు. గరిటె ఎత్తి, చూడండి అని ఒక ఆడమనిషి అంటే చాలు, అందులో ఏముందో ఆయనకు అక్కర లేదు. అట్లా అనుకోగానే ఆయన మీద జాలి లాంటిది ఏదో లేవబోయింది, నేను లేవనివ్వలేదు. జాలి పడేంత తీరిక నాకు ఆ వేళ లేదు. కుర్చీ ఆయనది, ఫ్యాను ఆయనది, మామిడి తోట ఆయనది. ఆ తోట ఉన్న చోట మా నాయన జొన్న చల్లేవాడు, మంచె మీద నేను పిట్టలను తోలేవాణ్ణి. అది ఎప్పటి మాటో. దాని మీద నాకు ఇంత మంట లేదు. భూమి పోతే పోయింది, భూమి నన్ను బావా అని పిలవలేదు.

రామక్క పిలిచేది. మా మేనత్త బిడ్డ. ఇప్ప పూలు రాలే కాలంలో చీకటితో అడవికి పోయేవాళ్ళం, నేను ముందు, ఆమె వెనక. బావా ఇటు చూడు, బావా అది ఏ పిట్ట, బావా ఈ చెట్టు కింద పూలు తియ్యగా ఉన్నయి ఒకటి నోట్లో వేసుకో, అని మా కోయ మాటలో ఆగకుండా మాట్లాడేది, నాకు ఆ మాటలు వినడం ఎంత ఇష్టమంటే మధ్యలో నేను మాట్లాడితే అవి ఆగిపోతాయేమోనని ఊరుకునేవాణ్ణి. ఆమెకు అది తెలియదు. ఊరుకోవడం వినడం అని ఆమెకు ఎవరు చెప్పాలి, నేనే చెప్పాలి, చెప్పాలంటే మాట్లాడాలి. పిలుపు ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. శివ పుట్టాక శివ నాయనా అంది, తర్వాత ఏమయ్యా అంది, తర్వాత పిలుపే లేకుండా తిను, లే, పోదాం అంది. వయసు మీద పడితే ఆడవాళ్ళలో మాటలు తగ్గుతాయి కాబోలు అనుకున్నాను. ఇక్కడ కొట్టు పెట్టాక చూశాను, తగ్గలేదు. ఆమెలో మాటలు చెలమలో నీళ్ళలాగా ఉన్నాయి, తోడేవాళ్ళకు వస్తున్నాయి. అవి కూడా తెలుగులో. అండీ, ఏవండీ, చూడండీ. ఆ అండీ ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. ఇంటికొచ్చినా ఒక్కోసారి మేకను కూడా రావే అనబోయి రండి అంటుంది, శ్యామల పడీ పడీ నవ్వుతుంది. నేను నవ్వను.

పక్క నుంచి మాటలు వినబడుతున్నాయి. మా రెండు కొట్ల మధ్య ఉన్నది ఒక పాత ఫ్లెక్సీ గుడ్డ మాత్రమే.

"మీ ఆయన మాట్లాడగా విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా రామక్కా?"

"ఉన్నరండి. మా ఎడ్లు విన్నయి. దున్నేటప్పుడు వాటితోటి మంచిగనే మాట్లాడుతుండె."

"నీకన్నా వాటి అదృష్టం బాగుందన్నమాట."

"బాగనే ఉండె. ముసలియైనయని అమ్మేసిండు. నన్ను కొనేటోడు దొరకలే."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ముందు లేచింది, ఆయన నవ్వు తర్వాత దగ్గుగా మారింది, ఆమె నీళ్ళ సీసా అందించింది. గుడ్డ వెనక చేతుల నీడ కనిపించింది. నేను విస్తరాకు మడిచాను, తినలేదు, మడిచి పొయ్యి పక్కన పెట్టుకున్నాను. ఎడ్లను అమ్మిన రోజు నేను అన్నం తినలేదని ఆమెకు తెలుసు. తెలిసీ నవ్వింది. తెలిసినదాన్నే కదా మనిషి నవ్వులాటకు తీసుకునేది.

సుబ్బరత్నం వచ్చే వేళ అవుతోంది. కాలనీ దగ్గర మెస్సు నడుపుతుంది, గనుల్లో పనిచేసే ఒంటరి మగవాళ్ళంతా ఆమె దగ్గరే తింటారు. ఈ ఆదివారం వచ్చి పులుసు తిని చూస్తుందట, నచ్చితే రోజూ పులుసూ రొట్టెలూ మెస్సుకు వేయించుకుంటుందట. అది కుదిరితే చెంచురామయ్యకు బస్సు స్టేజీ దగ్గర మూతపడిన ఎరువుల కొట్టు గది ఉంది, అది తీసి ఇస్తాడు, రామక్క హాస్టల్ పని మానేసి రోజూ అక్కడే వండుతుంది, ఆయన గల్లా దగ్గర కూర్చుంటాడు. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు, నా ముందు మాట్లాడుకున్నారు. శివ అడగకపోలేదు. "నాయినా, నీకేమన్న అడ్డమా?" అన్నాడు. నేను మాటలు కూడదీసుకునే లోపల రామక్క, "మీ నాయిన ఏమంటడు, ఏమనడు" అంది. అయిపోయింది. నా ఊరుకోవడం సంతకం లాంటిది, ఎవరైనా ఎక్కడైనా వేసుకోవచ్చు. ఆదివారం ఒక్క పూట చూస్తేనే నాకిట్లా ఉంది. రోజూ అంటే, పొద్దున తలుపు తీసే దగ్గర నుంచి పొద్దుగూకి తాళం వేసే దాకా, ఆ గరిటె, ఆ అండీ, ఆ ఫ్యాను. ఇంటికి వచ్చేసరికి ఆమెలో నా కోసం ఏం మిగులుతుంది, తిను, పడుకో.

ఇప్పుడు ఆ పని జరగకుండా ఆపడానికి నేను చేయాల్సింది ఏమీ లేదు. అది నన్ను ఆశ్చర్యపరిచింది. సుబ్బరత్నం వస్తుంది, ఆకు వేస్తారు, పులుసు పోస్తారు, మొదటి ముద్దకే ఉమ్మేస్తుంది. నోరు గల మనిషి, బజారంతా వినేటట్టు అంటుంది. ఎరువుల కొట్టు మూసినట్టే ఉంటుంది. అప్పుడు రామక్క చెంచురామయ్య వైపు చూస్తుంది, అమృతం అన్నరు కదండీ అన్నట్టు. ఆ చూపు చూడాలని నాకు ఎంత ఉందో. ఇంతకాలం నా మీద పడిన చూపు అది, ఒక్కసారి అటు పడితే చూడాలని. నేను ఊరుకుంటే చాలు. ఎప్పుడూ మాట్లాడనివాణ్ణి ఎందుకు చెప్పలేదని ఎవరు అడుగుతారు. అయితే ఆ చూపు తర్వాత ఆమె ముఖం ఎట్లా ఉంటుందో కూడా నాకు కనబడుతోంది. ఒకసారి హాస్టల్లో పిల్లలకు కడుపునొప్పి వచ్చిందని వార్డెను ఆమెను నిలబెట్టి తిట్టింది, తప్పు నీళ్ళదని తర్వాత తేలింది, ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూనే ఉంది, కడిగిందే కడిగింది, ఆ చేతుల్లో ఏదో అంటుకున్నట్టు. నేను చెంబు అందుకుని నీళ్ళు పోస్తూ నిలబడ్డాను.

వచ్చి ఒక్క మాట అడిగితే చెబుతాను అనుకున్నాను. ఎట్లుంది అంటే చాలు. అంత పెద్ద మాట కూడా కాదు. ఊరకే ఇటు చూసినా నీళ్ళ బిందె వైపు చూస్తాను, ఆమెకు అర్థమవుతుంది, చింతపండు పిసికి నీళ్ళు కలుపుతుందో, మామిడి ముక్కలు ఇంకా వేస్తుందో, దానికింకా వేళ ఉంది. ఫ్లెక్సీ అంచు పక్కకు జరిగింది. రామక్క తల ఇటు పెట్టి, "తిన్నవా?" అంది. తల ఊపాను. బాగుందా అని అడుగుతుందని చూశాను. గుడ్డ మళ్ళీ జారిపోయింది. వెనక్కి పోయి పీట మీద కూర్చున్న చప్పుడు వినబడింది. వేళ కొంచెం తగ్గింది. లేచి పోయి చెప్పొచ్చు. నాలుగడుగులు. ఆయన కుర్చీలో ఉంటాడు, ఆయన ముందు నిలబడి, నువ్వు చూసిన ఉప్పు తప్పు అనాలి, ఆయన నవ్వుతాడు, పెద్దాయనకు కోపమొచ్చిందే అంటాడు, ఆమె కూడా నవ్వుతుంది. ఎడ్లకైతే చెప్పేవాణ్ణి. నీడ రేకుల అంచు దాటి పొయ్యి మీదికి వచ్చింది. పులుసు కుతకుతమంటోంది. కట్టె వెనక్కి లాగాను, మళ్ళీ ముందుకు తోశాను.

గొడుగు ముందు కనబడింది, దాని కింద సుబ్బరత్నం. "ఏదే రామక్కా నీ పులుసు, వాసన గేటు కాడికే వచ్చింది" అంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. రామక్క పరుగున వచ్చింది, చేతులు కడిగింది, విస్తరాకు వేసింది, రొట్టె పెట్టింది. చెంచురామయ్య కుర్చీ ఎత్తుకుని వచ్చి మా కొట్టు ముందరే వేసుకుని కూర్చున్నాడు, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలాగా. రామక్క నా పక్కకు వంగి గరిటె కోసం చెయ్యి చాపింది. ఆమె మెడ మీద చెమట, చెవి పక్కన తెల్ల వెంట్రుకలు, మునగాకు వాసన. చెప్పాలంటే ఇదే చివరి క్షణం, చెబితే సుబ్బరత్నం వింటుంది. నోరు తెరిచాను. లోపల మాట కోయలో ఉంది, తెలుగులో లేదు, ఏ మాటలోనూ బయటికి రాలేదు. కాలు లేచింది. నా కాలే. పొయ్యి రాయికి తగిలి, గిన్నె ఒరిగి, పులుసంతా నిప్పుల మీద పడింది. బుస్సుమని బూడిద లేచింది. చేపముక్కలు బూడిదలో, మామిడి ముక్కలు నా పాదాల దగ్గర. కాలిందో లేదో తెలియలేదు.

రామక్క నా వైపు చూసింది. ఆ రోజు పొద్దున నుంచి ఆమె నన్ను నిండుగా చూసింది అప్పుడే.

"కడుపుమంటకు కాళ్ళు కూడ వచ్చినయా నీకు?" అంది.

"పోనీలే రామక్కా, పెద్దాయన కావాలని చేశాడా ఏంటి" అన్నాడు చెంచురామయ్య.

"కావాల్నే చేసిండు. నాకెరుక. నేనొక కాడ నిలబడితే ఓర్వడు."

"ఊరుకో. గిన్నెడు పులుసు పోయింది, వండే చెయ్యి పోయిందా?"

నన్ను క్షమించిన మొదటి మనిషి ఆయనే అయ్యాడు. పులుసు పడిన చోట కాలు మండడం అప్పుడు మొదలైంది. కావాలని చేశానా అని నన్ను నేను అడిగాను. చేశాను. ఎందుకని అడిగితే నా దగ్గర రెండు జవాబులు ఉన్నాయి, ఆమె పరువు కోసమన్నదీ నిజమే, ఆయన కుర్చీ చూసి కాలు లేచిందన్నదీ నిజమే, ఏది ముందు లేచిందో కాలికే తెలియాలి. సుబ్బరత్నం మాత్రం ఒట్టి రొట్టెను గోంగూర పచ్చడితో తింది, ఇంకో రొట్టె అడిగి తింది. "వాసన చూస్తేనే తెలుస్తుందిలే నీ పులుసు సంగతి. రేపటి నుంచే రొట్టెలు పంపు, పులుసు తర్వాత చూద్దాం" అని గొడుగు తెరుచుకుని పోయింది. చెంచురామయ్య, పొద్దున్నే గది ఊడ్పిస్తానన్నాడు. అట్లా ఆ ఎరువుల కొట్టు తలుపు నేనే కాలితో తన్ని తెరిచాను.

ట్రాలీలో ఇంటికి పోతుంటే శివ, శ్యామల, రామక్క ముందు వైపు కూర్చున్నారు, నేను గిన్నెలతో వెనక. చెప్పొచ్చు, ఇంకా చెప్పొచ్చు, పులుసు నోట పెట్టలేనంత ఉప్పు అని. చెబితే రామక్క అడిగే మొదటి మాట నాకు తెలుసు. ఎప్పుడు తెలిసింది నీకు? తిన్నప్పుడే తెలిస్తే అంతసేపు ఏం చేస్తున్నవు? దానికన్నా ఓర్వలేనివాడు అన్న పేరుతో ఉండడమే నయం, అది అబద్ధం కూడా కాదు. పినపాక దాటాక చల్లగాలి తగిలింది. రామక్క ఒకసారి వెనక్కి తిరిగింది, నా కాలు చూసింది, మళ్ళీ ముందుకు తిరిగింది. ఇంటికొచ్చాక గడప దగ్గర కొబ్బరినూనె సీసా పెట్టి పోయింది.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే పారా గడ్డపారా తీసుకుని, అడవి అంచున పుట్టమన్ను గోనెసంచిలో నింపి, తొలి బస్సెక్కి చెంచురామయ్య ఇంటికి పోయాను. ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. చెయ్యి చాపి, "తాళం" అన్నాను. ఆయన నా కాలి బొబ్బను చూసి, నా ముఖం చూసి, లోపలి నుంచి తెచ్చి ఇచ్చాడు. గదిలో ఎరువుల కంపు పోయేదాకా నీళ్ళు కొట్టి కడిగాను. ఆయన కుర్చీ వేసుకునే చోటు గుమ్మం పక్కన గల్లా బల్ల వెనక, రామక్క నిలబడే చోటు ఎదురు గోడ దగ్గర, అది చూసుకున్నాను. మన్ను తడిపి, పిసికి, రామక్క వంగకుండా వండుకునే ఎత్తులో పొయ్యి వేశాను. రామక్క, శ్యామల వచ్చేసరికి అలుకుతున్నాను. రామక్క గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. పొయ్యి గదికి అడ్డంగా ఉంది. కట్టెలు పెట్టే నోరు ఈ పక్కన, కట్టెలు ఎగదోసే మనిషి కూర్చునే చోటు సరిగ్గా గల్లా బల్లకూ ఆమెకూ మధ్యన పడుతుంది.

"పొయ్యి గిట్ల అడ్డం పెట్టినవేంది?" అంది.

"గాలి అటు నుంచి వస్తది" అన్నాను, గోడ వైపు చెయ్యి చూపి.

ఆ గోడకు కిటికీ లేదు.